జర వంగు డాక్టరమ్మా

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చే సమయానికి నేను నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఊళ్లో, గొర్రెల కొట్టంలో గొంతుక్కూర్చుని ఉన్నాను. చున్నీ పెంటలో పడకుండా మెడకు చుట్టుకుని, ముక్కు నేలకు జానెడు ఎత్తులో పెట్టి గాలి పీలుస్తున్నాను. కొట్టం యజమాని గడప దగ్గర నిలబడి పక్కవాడితో, "మేడంది ఏమన్న కింద పడ్డట్టుంది, జర దేవులాడు" అంటున్నాడు. ఏమీ పడలేదని చెప్పబోతుంటే ఫోన్ మోగింది. ఇటిక్యాల వైపు నేను ఒకప్పుడు పనిచేసిన పశువుల దవాఖాన నుంచి. "మేడం, మన పెద్దమ్మ పొద్దున పోయింది. నిద్రలనే పోయింది" అన్నాడు అవతలి మనిషి. కొట్టంలో అలా కూర్చోవడం నాకు నేర్పిందే ఆమె.

గొర్రెల వాళ్లకు చెప్పాల్సింది చెప్పి, బండి తీసి బయల్దేరాను. వనపర్తి దాటి హైవే ఎక్కేదాకా గట్టిగానే ఉన్నాను. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి రాగానే ఏడుపు ఆగలేదు. శనివారమైతే ఆమె ఆ ఒడ్డున ఆంజనేయుడి గుళ్లో ఉండేది. తనకోసం, పిల్లలకోసం ఒక్కసారైనా మొక్కగా నేను వినలేదు. "ఒంటికొమ్ము బర్రెకు కడుపు నిలవాలె సామీ, చారల మేకకు పాలు దిగాలె" అని పెద్దగొంతుతో చెప్పి కొబ్బరికాయ కొట్టేది. వరుసలో వెనక నిలబడ్డవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు.

కాగితాల్లో ఆమె మా దవాఖాన అటెండరు. భర్త చేస్తున్న కొలువు ఆయన పోయాక ఆమెకు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెద్దమ్మ. అసలు పేరు నాకు తెలుసు కానీ ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు ఇంకెవరో అనుకుంటారు.

ఆమె కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. దవాఖాన గడప పక్కన గోడకు వీపు ఆనించి గొంతుక్కూర్చునేది. వచ్చిన ప్రతి పశువూ ముందు ఆమెను దాటి నా దగ్గరికి రావాలి. "కుర్చీలో కూర్చో పెద్దమ్మా, కాళ్లు పట్టేస్తాయి" అంటే, "కుర్చీల కూసుంటే మేకకు కొమ్ములు కనపడ్తయి గాని మొకం కనపడదు" అనేది. మనుషుల పేర్లు ఆమె బుర్రలో నిలిచేవి కావు. ఒకసారి సర్పంచి తెల్లచొక్కా వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడితే, కళ్లు చికిలించి చూసి "ఎవరు నువ్వు?" అంది.

"నేను పెద్దమ్మా, సర్పంచిని."

"అది కాదు నాయన, నీది ఏ బర్రె?"

ఆయన తల గోక్కుని, "తెల్లతోక బర్రె" అన్నాడు.

"ఆఁ, గట్ల చెప్పు. దాని చెవిల పుండు మానిందా? రా, కూసో."

ఆమెకు చదువు రాదు. అయినా మందుల బీరువా ఆమె సర్దితేనే మాకు పని జరిగేది. నేను అక్షరాల వరసలో పెట్టి చూశాను, వారం రోజులు ఏదీ చేతికి దొరకలేదు. ఆమె ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసి, దాని చోట దాన్ని పెట్టేది. ఒకసారి కొత్తగా వచ్చిన పొడి డబ్బాను వాసన చూసి పక్కకు నెట్టేసింది. చదువుకున్నదాన్ని కదా, నేను లేబుల్ చూశాను. గడువు ఇంకా బోలెడుంది. మూడో రోజు ఆ పొడి నీళ్లలో కలిపితే ఉండలు ఉండలుగా తేలింది. ఆమె నా వంక చూడనైనా చూడలేదు. నా పరువు కాపాడాలనుకున్నప్పుడల్లా గోడవైపు చూడటం ఆమెకు అలవాటు.

ఇక నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆమెతో నాకు మొదట్లో ఎందుకు పొసగలేదో అర్థం కాదు. నాది గద్వాల. మా నాన్న గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. కాళ్లు గుంటలో పెట్టుకుని పొద్దంతా వంగే ఉండేవాడు. నలభై ఏళ్లకే ఆయన నడుము నిటారుగా నిలవడం మానేసింది. "నువ్వు నాలెక్క వంగొద్దు బిడ్డా. నీ ఎదుట ఎవరున్నా తల ఎత్తి నిలబడాలె" అని చెప్పి చెప్పి చదివించాడు. అలా చదువుకుని, మెడలో స్టెతస్కోపు వేసుకుని, ఇటిక్యాల వైపు పల్లెల్లో డాక్టరుగా దిగిన మొదటి వారమే ఒక అటెండరు నన్ను చూసి "జర వంగు డాక్టరమ్మా" అంది. ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది?

అది ఒక మేకల కొట్టం. పిల్లలన్నిటికీ కళ్ల వెంట నీళ్లు, దగ్గు. నేను నడిమధ్యలో నిటారుగా నిలబడి జలుబు చేసిందని తేల్చి, మందు రాస్తున్నాను. పెద్దమ్మ అప్పటికే నేల మీద గొంతుక్కూర్చుని మేకపిల్ల పక్కన మొహం పెట్టి ఉంది.

"జర వంగు డాక్టరమ్మా."

"వంగితే ఏముంటుంది?"

"వంగితే తెలుస్తది."

విసుక్కుంటూ వంగాను. మోకాలి కిందికి తల దిగిందో లేదో కళ్లలో కారం కొట్టినట్టయింది. మూత్రంతో నానిన నేల నుంచి లేచే ఘాటు అది. పుస్తకాల్లో దాన్ని అమ్మోనియా అంటారు. దాని మీద పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది, "నీ ముక్కు ఆడున్నది, దాని ముక్కు ఈడున్నది. నీ గాలి వేరే, దాని గాలి వేరే." మందు రాయకుండానే ఆ మేకలు బాగయ్యాయి. నేల గీకి, ఎండిన మట్టి పోసి, తడకలు విప్పించాం, అంతే.

అప్పటి నుంచి నేనూ వంగడం మొదలుపెట్టాను. కానీ ఒక షరతు మీద. కొట్టంలో ఒకరో ఇద్దరో ఉంటే వంగేదాన్ని. పదిమంది పోగైతే మాత్రం నాన్న మాట గుర్తొచ్చి నా నడుము కట్టెలా బిగిసిపోయేది. ఆ బిగువు ఒక రోజు తొమ్మిది బర్రెల ప్రాణం తీసి ఉండేది.

తిమ్మప్ప, బాలమణి అని ఒక జంట. పన్నెండేళ్లు పూణేలో కట్టడాల పనిచేసి, ఇక చాలని ఊరికి తిరిగొచ్చారు. తెచ్చుకున్నదంతా పెట్టి పది పాడిబర్రెలు కొన్నారు. తిమ్మప్ప తన చేత్తోనే రాతి గోడలతో కొట్టం కట్టాడు. బిడ్డను ఊరి బడిలో వేశారు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల ఒక బడిలో రెండేళ్లు వరసగా చదివింది లేదు. మొదటిసారి టీకాలు వేయడానికి వెళ్లినప్పుడు బాలమణి ఒక్కో బర్రె వీపు నిమురుతూ, "ఇవి ఉన్నన్ని దినాలు మేం ఊళ్లనే ఉంటం మేడం. ఇవి పోతే మళ్ల పూణే బస్సే" అంది. నవ్వుతూనే అంది కానీ ఆ మాట ఊరందరికీ తెలుసు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. తిమ్మప్ప మక్కజొన్న మోకాలెత్తులోనే వాడిపోయింది. తర్వాత వాన పడగానే యూరియా దండిగా చల్లాడు. పంట నల్లగా నిగనిగలాడుతూ లేచింది. ఎవరో చెప్పగా విని, దాన్ని పచ్చిగానే కోసి పాతర గడ్డి వేశాడు. గుంట తవ్వి, పచ్చిమేత ముక్కలు చేసి తొక్కి, పైన కవరు కప్పి మాగబెడతారు. ఎండాకాలంలో తీసి వేస్తే బర్రెలు ఇష్టంగా తింటాయి. మంచి పనే. కానీ తిమ్మప్ప గోడలు కట్టిన మనిషి. ఒక గోడ ఆదా అవుతుందంటే ప్రాణం లేచొస్తుంది. కొట్టం వెనక గోడే గుంటకు ఒక వైపు గోడ అవుతుంది కదా అని, దానికి ఆనించి గుంట తవ్వాడు. గుంట వైపు నేల మెరక, కొట్టం పల్లం. గోడ రాళ్ల మధ్య అడుగున సందులున్నాయి. అతనికి అది తప్పుగా తోచలేదు, అప్పుడు చూసి ఉంటే నాకూ తోచేది కాదు.

పాతర వేసిన మూడో రోజు పొద్దున ఫోన్ చేశాడు. దూడ చచ్చిపోయింది, రెండు బర్రెలు గురక పెడుతున్నాయి. పెద్దమ్మను స్కూటీ వెనక ఎక్కించుకుని పోయాను. ముసురు పట్టి ఉంది. జల్లు లోపలికి కొట్టకుండా కొట్టం చుట్టూ, గోడల పైన ఖాళీల్లో టార్పాలిన్ పట్టాలు కట్టి ఉన్నాయి. వాకిట్లో ఊరంతా చేరింది. రోగమేదో తగిలిందని బాలమణి గడప ముందు బ్లీచింగ్ పౌడర్ చల్లింది. లోపల ఘాటుగా ఏదో వాసన వస్తే అదే అనుకున్నాను.

వానాకాలం, గురక, హఠాత్తుగా చావు. నా మనసులో గొంతువాపు రోగం అని పడిపోయింది. జ్వరం చూశాను, లేదు. గొంతు తడిమాను, వాపు లేదు. చివరి దశలో జ్వరం దిగిపోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సూదిమందు వేసి, రక్తం కాస్త సీసాలో తీసుకుని, చూడకుండానే పెట్టెలో పెట్టాను. బయటికొచ్చి అందరికీ వినబడేలా చెప్పాను: "ఒక్క పశువు కూడా బయటికి రావద్దు. ఊరి పశువులకు అంటుకుంటుంది. అన్నిటినీ లోపలే కట్టేయండి."

పెద్దమనుషులు తలలూపారు. వాళ్లకు తెలిసిన పద్ధతే అది. మా వైపు పశువులకు గత్తర లాంటి అంటురోగం తగిలితే కట్టడి చేస్తారు. ఆ కొట్టం పశువు బయటికి రాకూడదు, బయటి పశువు లోపలికి పోకూడదు. గడప ముందు బూడిదతో గీత గీసి, వేపమండలు కడతారు. అప్పటికే బూడిద తెచ్చి సిద్ధంగా ఉంచారు. డాక్టరు నోట కూడా అదే మాట రావడంతో వాళ్లకు ధైర్యం వచ్చింది. పట్టాల మధ్య మిగిలిన సందులు కూడా మూసి బిగించారు. నా చదువు, వాళ్ల ఆచారం రెండూ కలిసి ఆ కొట్టం తలుపులు మూసేశాయి.

"జర వంగు డాక్టరమ్మా" అంది పెద్దమ్మ నా పక్కనే.

"ఇప్పుడు కాదు."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఒక్కపారి లోపటికొచ్చి వంగు తల్లీ. నిలబడ్డ బర్రెలు బాగనే ఉన్నయి. పండుకున్నవే గురక పెడ్తున్నయి. సచ్చిన దూడ గూడ పండుకున్నదే."

వాకిట్లో నలభై మంది చూస్తున్నారు. ఆ చెయ్యి విదిలించి, "ఇక్కడ డాక్టరు ఎవరు పెద్దమ్మా? మీరు బయట ఉండండి" అన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆమె గోడవైపు చూసింది.

నేను టీకామందు తేవడానికి దవాఖానకు బయల్దేరాను. పై అధికారితో మాట్లాడి, ఐసు పెట్టెలో మందు సర్దుకుని తిరిగొచ్చేసరికి గంటన్నర పట్టింది. ఊరి మలుపు తిరగగానే బండి ఆపేశాను. కొట్టం పట్టాలన్నీ కోసి కింద పడేసి ఉన్నాయి. బర్రెలు బయట కోసిన చేలో, జల్లులో, దగ్గుతూ నిలబడి ఉన్నాయి. లెక్కపెట్టాను, తొమ్మిది. పదోది లోపలే చనిపోయింది. ఆ తొమ్మిదీ తలలెత్తి గాలి పీలుస్తున్నాయి.

తిమ్మప్ప ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. "సల్లగుండాలె మేడం. మీరు ఫోన్ చేసి ఇప్పమనకపోతే అన్నీ పోతుండె."

నేను ఫోన్ చేయలేదు. ఏమిటీ మాట అని అడగబోయి పెద్దమ్మ కోసం చూశాను. ఒక బండ మీద కూర్చుని ఉంది. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి, దగ్గు తెర మీద తెర. చేతిలో కొడవలి. నన్ను చూడకుండా మళ్లీ ఎటో చూస్తోంది.

జరిగింది తిమ్మప్ప చెప్పాడు. నేను వెళ్లిన కాసేపటికే ఆమె బూడిద గీత దాటి లోపలికి పోయి గొంతుక్కూర్చుందట. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి ఉరికొచ్చి, "పట్టాలు కొయ్యుండ్రి, బర్రెలను ఇప్పుండ్రి" అని అరిచిందట. పెద్దమనుషులు అడ్డం పడ్డారు. "కట్టడి దాటుతవా? ఇప్పుడే గదా డాక్టరమ్మ కట్టెయ్యమన్నది?" అన్నారు. "డాక్టరమ్మనే ఫోన్ చేసింది. పెద్ద డాక్టర్లతోని మాట్లాడిందంట. ఇప్పమన్నది. మీరు ఇప్పుతరా, నన్ను ఇప్పమంటరా?" అని, వాళ్ల జవాబు కోసం ఆగకుండా తనే కొడవలి తీసుకుని పట్టాలు కోసి, లోపలికి దూరి ఒక్కొక్క పలుపూ తెంపిందట. పడుకున్న రెండిటిలో ఒకదాన్ని తోక మెలిపెట్టి లేపగలిగింది. రెండోది లేవలేదు.

జల్లు తగ్గి, కొట్టంలోంచి గాలి అటూ ఇటూ బాగా ఆడాక ఆమె నా దగ్గరికొచ్చింది. "ఇప్పుడు జర వంగు" అంది. వెంట వెళ్లి వంగాను. వెనక గోడ అడుగున రాళ్ల సందుల దగ్గర పసుపుపచ్చని మరక. పొద్దున బ్లీచింగ్ పౌడర్ అనుకున్న వాసన అక్కడి నుంచి వస్తోంది. గోడ అవతల పాతర. పెట్టెలోని రక్తం సీసా తీసి చూశాను. ఎర్రగా లేదు, బెల్లం పాకంలా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది నా పాఠం. ఎండకు వాడి, తర్వాత యూరియా ఎక్కువగా తిన్న పంటను పాతర వేస్తే మొదటి కొన్ని రోజులు అందులోంచి ఒక విషవాయువు పుడుతుంది. గాలి కంటే బరువు. పల్లం వెతుక్కుంటూ నేలబారున పాకుతుంది. మేం పట్టాలు బిగించి దాన్ని బర్రెల ముక్కుల ముందే నిలవబెట్టాం.

"నీకెలా తెలిసింది పెద్దమ్మా?"

"మా పుట్టింట్ల జొన్నల పాతర ఉండె." ఆమె పుట్టిల్లు శ్రీరంగాపూర్ వైపు. దగ్గు ఆపుకుంటూ చెప్పింది. "మా అవ్వ పాతర మూత తీస్తే ఒక దినమంత అట్లనే ఇడిచేది. ఎవ్వరినీ దిగనియ్యకపోయేది. కందిలికి తాడు గట్టి లోపటికి ఇడిచేది. కందిలి ఆరిందా, ఇంక దిగుడు లేదు. ఒకపారి మా మేకపిల్ల అండ్ల దుంకి మళ్ల లేవలే. పాతర గాలి కిందనే పండుకుంటది డాక్టరమ్మా. అది నిలబడ్డోనికి ఎట్ల తెలుస్తది?"

ఆ దగ్గు వారమైనా తగ్గలేదు. గద్వాల పెద్దాసుపత్రికి బలవంతంగా తీసుకుపోయాను. రెండు రోజులు ఉండమన్నారు. "మనుషుల దవాఖానల పండుకున్ననని తెలిస్తే బర్రెలు నవ్వుతయి" అని నర్సులతో పోట్లాడింది. మంచం మీద కూడా గొంతుక్కూర్చునే ఉంది.

నేను నివేదిక రాశాను. విషవాయువు సంగతి వివరంగా రాసి, "పశువులను సకాలంలో బయటికి తరలించడమైనది" అని ముగించాను. ఎవరు తరలించారో, ఎవరు కట్టేయమన్నారో అందులో లేదు. గణతంత్ర దినం నాడు గద్వాలలో నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, నడుము నిటారుగా చేసుకోవాలని తంటాలు పడుతూ ముందు వరసలో నిలబడ్డాడు. పెద్దమ్మ ఆయన పక్కనే నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి, "ఇది నీది పెద్దమ్మా, నేను అందరికీ చెప్పేస్తాను" అన్నాను. "నాకెందుకమ్మా? మా ఇంట్ల గోడకు మేకు గూడ లేదు. నువ్వు ఊకె ఉండు" అంది. నేను ఊరుకున్నాను. ఆమె మాట మన్నించి ఊరుకున్నానని చెప్పుకోవచ్చు కానీ, నిజానికి ఊరుకోవడం నాకు సుఖంగా ఉండింది.

ఆమె మాత్రం ఊరుకోలేదు. ఆ తర్వాత ఏ ఊరికి పోయినా, ఏ కొట్టంలోకి పోయినా గోడ అడుగున జానెడెత్తు కంతలు పెట్టించేది. "పాములు దూరుతయి పెద్దమ్మా" అంటే "తీగల జాలీ కొట్టు" అనేది. పాతర ఎవరు తవ్వినా ముందు పోయి కొట్టం నుంచి అడుగులు వేసి కొలిచి, నచ్చకపోతే తవ్వేవాడి చేతిలో గడ్డపార లాక్కునేది. ఇప్పుడు మీరు ఇటిక్యాల వైపు పోతే కొట్టాల గోడల అడుగున వరసగా చిన్న కంతలు కనపడతాయి. కొత్తవాళ్లు నీళ్లు పోవడానికి అనుకుంటారు.

ఆమె పదవీ విరమణ నాడు మేం శాలువా కప్పి దండ వేశాం. మాట్లాడమంటే, "మాట్లాడేది ఏమున్నది, అన్ని బర్రెలు మంచిగున్నయా?" అని అడిగి కూర్చుంది. సాయంత్రం చూస్తే ఆ శాలువా దవాఖాన వెనక అప్పుడే పుట్టిన ఒక దూడ ఒంటి మీద ఉంది. దానికి చలిగా ఉందట.

నేను చేరేసరికి ఆమె ఇంటి ముందు మనుషులు నిండిపోయి ఉన్నారు. చుట్టూ పది ఊళ్ల పశువుల వాళ్లంతా వచ్చారు. వాకిట్లో పడుకోబెట్టిన ఆమె మొహంలో ఏ బాధా లేదు. తిమ్మప్ప, బాలమణి ఆమె తల దగ్గరే కూర్చుని ఉన్నారు. వాళ్లు మళ్లీ పూణే పోలేదు. కొట్టంలో ఇప్పుడు పద్దెనిమిది బర్రెలున్నాయి. బిడ్డ గద్వాలలో డిగ్రీ చదువుతోంది. నన్ను చూసి తిమ్మప్ప జనానికి చెప్పాడు, "ఈ మేడమే, ఆ దినం ఫోన్ చేసి మా బర్రెలను బతికిచ్చింది."

ఇక నావల్ల కాలేదు. అక్కడే నిలబడి అందరికీ చెప్పేశాను. నేను ఫోన్ చేయలేదని, నేను కట్టేయమన్నానని, వంగమని రెండుసార్లు అడిగితే ఆమె చెయ్యి విదిలించానని. నా మాట మీద ఆ తలుపులు మూసి ఉంచితే పదికి పదీ పోయేవని. చెప్పడం అయిపోయాక ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

బాలమణి కళ్లు తుడుచుకుంది. "నాకు ఎర్కనే మేడం" అంది.

"ఏం ఎరుక?"

"ఆ దినం కొట్టంలకు పోయే ముంగల పెద్దమ్మ తన సంచి నా చేతికిచ్చింది, జల్లుల తడుస్తదని. ఆమె ఫోను ఆ సంచిలనే ఉండె. సంచి నా సంకలనే ఉండె. ఫోను ఒక్కపారి గూడ మోగలే."

తిమ్మప్ప నోరు తెరుచుకుని పెళ్లాం వంక చూశాడు. ఇన్నేళ్లలో అతనికి కూడా ఆమె చెప్పలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు బాలమణీ?"

"అడిగిన మేడం. పెద్దమ్మా, ఫోను నా తాన ఉన్నది గదా అన్న. నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. 'ఊకో. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నది. ఈ దినం మీరు ఆమెను నమ్ముడు మానేస్తే, రేపు నీ బర్రె ఈనలేక కొట్టుకుంటే ఎవరిని పిలుస్తవు? నేను ఎన్ని దినాలుంట? మంచి డాక్టరైతది. వంగుతది, జర టైం పడుతది' అన్నది. ఎవ్వరికీ చెప్పనని నాతోని బీచుపల్లి ఆంజనేయుని మీద ఒట్టు ఏపిచ్చుకున్నది."

నేను చెయ్యి విదిలించి గంట కూడా కాలేదు అప్పటికి. ఊపిరాడక దగ్గుతూ, కళ్లు మండుతూ, ఆమె నా గురించి ఆ మాటలు అన్నది.

వాకిట్లో రెండు వందల మందికి పైనే ఉన్నారు. అందరూ చూస్తుండగానే ఆమె పాదాల దగ్గర గొంతుక్కూర్చుని, నేలదాకా వంగి, నా నుదురు ఆ పాదాలకు ఆనించాను. పక్కన అప్పుడే వచ్చిన ఎవరో ఆడమనిషి, "ఎవరమ్మా ఈమె, చుట్టమా?" అని అడుగుతోంది. "కాదు, పెద్దమ్మ చేతి కింద పని నేర్చుకున్న డాక్టరమ్మ" అని చెప్పింది బాలమణి. నా ప్రశంసాపత్రం మీద ఉన్న మాటల కంటే నాకు ఆ మాటే గొప్పగా అనిపించింది. ఆ గర్వంతోనే లేచి, పాడె మోసేవాళ్లకు దారి ఇచ్చాను.